ఊఫర్‌కు తగిన యాంప్: బల్కంపేటలో ఒక సంవాదం

కారు డిక్కీలో అమర్చే సబ్‌వూఫర్‌కు ఎంత శక్తిగల యాంప్లిఫైయర్‌ను జతచేయాలన్న ప్రశ్నకు హైదరాబాద్ కార్ డెకార్ దుకాణాల్లో రెండు సమాధానాలు వినిపిస్తాయి; అవి ఒకదానినొకటి ఖండించుకునేవి కావడం వల్ల, కొనుగోలుదారు ముందుగా ఏ దుకాణం మెట్లెక్కితే ఆ సమాధానాన్నే సత్యమని నమ్మి డబ్బు చెల్లిస్తాడు. వాడుకలో ‘ఊఫర్’గా స్థిరపడిన సబ్‌వూఫర్ అంటే సెకనుకు సుమారు 20 నుంచి 100 సార్లు మాత్రమే కంపించే మంద్ర ధ్వనులను, దుకాణం భాషలో చెప్పాలంటే ‘బేస్’ను, పలికించడానికి నిర్మించిన పెద్ద స్పీకర్. ‘యాంప్’ అంటే స్టీరియో నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని తీసుకొని, కారు బ్యాటరీ నుంచి తోడుకున్న విద్యుత్తుతో దానిని ఆ స్పీకర్‌ను కదిలించగలిగినంత బలంగా పెంచే పరికరం.

చేతిపని చేసేవారి పక్షం ఇది: యాంప్ ఎప్పుడూ ఊఫర్ కంటే పెద్దదై ఉండాలి, చిన్న యాంప్ పెడితే ఊఫర్ కాలిపోతుంది. విద్యుత్ శాస్త్రం చదివినవారి పక్షం దీనికి నేరుగా ఎదురు నిలుస్తుంది: తక్కువ శక్తి దేనినీ కాల్చదు, కాల్చేది ఎక్కువ వేడి ఒక్కటే. ఈ రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలబెట్టడానికి బల్కంపేట అనువైన చోటు. ఎల్లమ్మ పోచమ్మ దేవస్థానం చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో ఇళ్లు, అద్దె గదులు, దుకాణాలు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. నడిచి వెళ్లగల దూరంలోనే అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల శిక్షణ సంస్థలున్నాయి. కనుక ఓమ్ సూత్రాన్ని బోధించేవాడూ, ఓమ్ సూత్రం పేరెత్తకుండానే రోజూ దానితో పనిచేసేవాడూ ఒకే చాయ్ కొట్టు దగ్గర తారసపడటం ఇక్కడ వింత కాదు. ఈ సంవాదంలో మాట్లాడే ఫిట్టర్, అధ్యాపకుడు ఇద్దరూ కల్పిత పాత్రలే; వారి వాదాలు మాత్రం కల్పితాలు కావు. ఫిట్టర్ వయసులో పెద్దవాడు గనుక అధ్యాపకుడు అతనిని ‘అన్నా’ అంటాడు. ఫిట్టర్‌కు అధ్యాపకుడు, ఆ వీధిలో చదువుకున్న ప్రతివాడిలాగే, ‘సార్’.

వాదానికి ఎదురుగా ఉన్న వస్తువులు ఇవి. కారు ఒక చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. స్టీరియో కంపెనీ నుంచి వచ్చినదే. ఊఫర్ 12 అంగుళాలది, రెండు తీగచుట్టలున్నది, ఒక్కో చుట్ట 4 ఓమ్‌లు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 1200 వాట్లనీ, లోపలి కాగితం మీద చిన్న అక్షరాలతో 300 వాట్ల ఆర్‌ఎంఎస్ అనీ ఉంది. యజమాని దగ్గర పాత కారు నుంచి తీసిన ఫోర్ ఛానల్ యాంప్ ఒకటి ఉండగా, దుకాణంలో మోనో బ్లాక్ ఒకటి, అంటే ఊఫర్ కోసమే చేసిన ఒకే ఛానల్ యాంప్, అమ్మకానికి సిద్ధంగా ఉంది.

అట్టపెట్టె మీది అంకె విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ఆర్‌ఎంఎస్ అన్నది పరికరం గంటల తరబడి నిలకడగా ఇవ్వగల లేదా భరించగల శక్తికి వ్యాపారంలో స్థిరపడిన పేరు. ‘మ్యాక్స్’, ‘పీక్’ అన్నవి రెప్పపాటు కాలం మాత్రమే నిలిచే శక్తికి, చాలాసార్లు అది కూడా లేని ఊహకు, పెట్టిన పేర్లు. ఇళ్లలో వాడే యాంప్‌ల వాట్ల ప్రకటనలకు అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం విధించినా కారు యాంప్‌లు దాని పరిధిలోకి రాలేదు. అందుకే ఆ దేశపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణాన్ని తెచ్చింది. సరఫరా 14.4 వోల్టులు, భారం 4 ఓమ్‌లు, వికృతి నూటికి ఒక పాలు మించకూడదు అన్న షరతులతో కొలిచిన వాట్లనే ఆ ప్రమాణం గుర్తిస్తుంది. అది స్వచ్ఛంద ప్రమాణం కనుక పాటించని పెట్టెలే బజారులో ఎక్కువ. అధ్యాపకుడు ఈ చరిత్ర చెబుతుండగా ఫిట్టర్ యాంప్‌ను తిరగేసి దాని పక్కన గుచ్చిన ఫ్యూజును చూపించాడు.

ఫిట్టర్: “సార్, ప్రమాణం ఉన్నా లేకున్నా ఫ్యూజు అబద్ధమాడదు. దీని మీద 2000 వాట్లని రాసి ఉంది, ఫ్యూజు మాత్రం ఒకటే, అదీ 30 ఆంపియర్లది. లోపలికి పోయే కరెంటే అంత ఉన్నప్పుడు బయటికి 2000 ఎక్కడి నుంచి వస్తాయి?”

అధ్యాపకుడు: “లెక్క కూడా అదే చెబుతుంది అన్నా. 13.8 వోల్టులను 30 ఆంపియర్లతో గుణిస్తే 414 వాట్లు. అందులో నూటికి 80 పాళ్లు బయటికి వచ్చాయనుకున్నా సుమారు 330కి మించదు.”

ఫ్యూజు క్షణకాలం తన అంకెకు మించిన ప్రవాహాన్ని కూడా భరిస్తుంది కనుక ఇది తూకం వేసిన కొలత కాదు. అయినా దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేయగల పరీక్షల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

అసలు చిక్కు వాట్లలో కాక ఓమ్‌లలో ఉంది. ఓమ్ అన్నది విద్యుత్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకికి కొలత. స్పీకర్ విషయంలో ఆ అడ్డంకి ధ్వని కంపన స్థాయిని బట్టి మారుతూ ఉంటుంది కనుక దానిని ఇంపీడెన్స్ అని వేరే పేరుతో పిలుస్తారు. 4 ఓమ్‌లని ముద్రించిన చుట్టను మల్టీమీటర్‌తో కొలిస్తే సాధారణంగా 3.2 నుంచి 3.6 వరకు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కొలిచేది తీగ నిరోధాన్ని మాత్రమే. అదే చుట్ట తన సహజ కంపన స్థాయి దగ్గర పదుల ఓమ్‌లకు ఎగబాకుతుంది. పెట్టె మీది 4 అన్నది అందువల్ల ఒక నామమాత్రపు విలువ. అయినా యాంప్‌ను ఎంచుకోవడానికి ఆధారం అదే, ఎందుకంటే ఇంపీడెన్స్ కిందికి దిగే హద్దు దానికి దగ్గరలోనే ఉంటుంది, యాంప్‌కు ప్రమాదం వచ్చేదీ ఆ హద్దులోనే.

ఫిట్టర్: “రెండు చుట్టల ఊఫర్‌ను రెండు రకాలుగా కట్టొచ్చు సార్. ఒకదాని చివర మరొకదాని మొదలుకు కలిపితే సిరీస్, 8 ఓమ్‌లు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే పేరలల్, 2 ఓమ్‌లు. 4 కావాలంటే ఈ ఊఫర్‌లో రాదు. రెండు 2 ఓమ్‌ల చుట్టలున్నది తెచ్చుకోవాల్సింది. పాత యాంప్ ఉందని చెప్పకుండా ఊఫర్ కొనుక్కొచ్చేవాళ్లే ఎక్కువ.”

ఈ మాటలో ఫిట్టర్ అనుభవం పూర్తిగా ఉంది. యజమాని దగ్గరున్న ఫోర్ ఛానల్ యాంప్‌లో రెండు ఛానళ్లను కలిపి ఒక ఊఫర్‌ను నడిపే పద్ధతిని బ్రిడ్జింగ్ అంటారు. ఆ పద్ధతిలో ఒక్కో ఛానల్‌కు స్పీకర్ భారంలో సగమే కనిపిస్తుంది. విడిగా 2 ఓమ్‌ల వరకు తట్టుకునే ఛానళ్లు బ్రిడ్జ్ అయినప్పుడు 4 ఓమ్‌ల కంటే తక్కువ భారాన్ని తట్టుకోలేవు. ఈ ఊఫర్‌ను 2 ఓమ్‌లకు కట్టి దానికి తగిలిస్తే ఒక్కో ఛానల్‌కు 1 ఓమ్ మాత్రమే కనిపిస్తుంది; యాంప్ ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది, రక్షణ వలయం బలహీనమైనదైతే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. 8 ఓమ్‌లకు కడితే యాంప్ క్షేమంగా ఉంటుంది గాని, 4 ఓమ్‌ల దగ్గర 200 వాట్లిచ్చే ఆ బ్రిడ్జ్ 8 దగ్గర సుమారు 100 మాత్రమే ఇస్తుంది. దుకాణంలోని మోనో బ్లాక్ 4 ఓమ్‌లకు 300, 2 ఓమ్‌లకు 500 వాట్లు ఇస్తుందని దాని కాగితం చెబుతోంది. ఊఫర్ కాగితంలోనూ యాంప్ కాగితంలోనూ వాట్లను పోల్చి చూసేవారికి ఈ అంకెల్లో ఏదీ కనిపించదు. ఏ ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లు అని చదివినవారికే కనిపిస్తుంది.

సంవాదంలో ముఖ్య ఘట్టం ఇక్కడ మొదలవుతుంది.

ఫిట్టర్: “అందుకే సార్, 100 వాట్లతో 300 వాట్ల ఊఫర్‌ను నడపకూడదంటాం. యాంప్‌కు దమ్ము చాలదు, క్లిప్ అవుతుంది, క్లిప్ అయితే చుట్ట కాలుతుంది. కాలిన ఊఫర్ల చేట మీద, అంటే ముందున్న కోన్ మీద, రెండు అరచేతులూ సమంగా ఆనించి నొక్కితే లోపల గరగరమంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వార్నిష్ వాసన. అలాంటివాటిలో చాలావాటి వెనక ఉన్నది చిన్న యాంపే.”

అధ్యాపకుడు: “వాసన నిజం, కారణం నిజం కాదు అన్నా. చుట్టకు తెలిసేది వేడి ఒక్కటే. ఆ వేడి 100 వాట్ల యాంప్ నుంచి ఎంత వస్తుందో లెక్క వేయకుండా తీర్పు చెప్పకూడదు.”

లెక్కకు ముందు స్పీకర్ స్వభావం గుర్తుచేసుకోవాలి. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధకులు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన నిర్మాణం, అంటే అయస్కాంత క్షేత్రంలో వేలాడే తీగచుట్ట తనకు అంటించిన చేటను ముందుకూ వెనక్కూ నెట్టే ఏర్పాటు, మౌలికంగా నేటికీ మారలేదు. ఆ చుట్టలోకి పోయిన విద్యుత్తులో శబ్దంగా మారేది నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు; మిగిలినదంతా వేడే. కనుక 300 వాట్ల ఊఫర్ అంటే 300 వాట్ల శబ్దం ఇచ్చేదని కాదు, దాదాపు 300 వాట్ల వేడిని వదిలించుకోగలదని అర్థం.

క్లిప్పింగ్ అంటే యాంప్ తన గరిష్ఠ వోల్టేజీకి మించి పెంచమని అడిగినప్పుడు సంకేత తరంగపు శిఖరాలు తెగి సమతలంగా మారడం. పూర్తిగా క్లిప్ అయిన తరంగం చతురస్రాకారం దాల్చుతుంది. అదే ఎత్తున్న నునుపు తరంగంతో పోలిస్తే దానిలో శక్తి సరిగ్గా రెట్టింపు. అంటే 100 వాట్ల యాంప్ ఎంత హింసించినా 200 వాట్ల కంటే ఎక్కువ ఇవ్వలేదు. 300 వాట్లు భరించే చుట్ట దానితో కాలదు. చిన్న యాంప్ స్పీకర్‌ను చంపుతుందన్న నమ్మకం ఇళ్లలోని హైఫై వ్యవస్థల నుంచి వచ్చి కార్లలో స్థిరపడింది. అక్కడ ఒకే యాంప్ మంద్ర స్పీకర్‌నూ, ట్వీటర్ అనే చిన్న తారస్థాయి స్పీకర్‌నూ కలిపి నడుపుతుంది; క్లిప్పింగ్ వల్ల పుట్టే ఉపరి స్వరాలు, ఒత్తిడికి గురై ఎత్తు పెరిగిన తారధ్వనులు ట్వీటర్‌కు చేరి, కొద్ది వాట్లే భరించగల దాని సన్నని చుట్టను మాడ్చగలవు. ఊఫర్ ఒక్కదానినే నడిపే మోనో బ్లాక్‌కు ఆ కథ వర్తించదు.

ఫిట్టర్ ఈ లెక్కను కాదనలేదు. కాని దానిలో మనిషి లేడన్నాడు.

ఫిట్టర్: “సార్, గిరాకీ ఎవరైనా ఒక వాల్యూమ్ దగ్గర ఆగుతాడా? బేస్ చాలలేదంటే గెయిన్ చివరిదాకా తిప్పుతాడు, బేస్ బూస్ట్ 12కు పెడతాడు, స్టీరియోలో మళ్లీ బేస్ పెంచుతాడు. మీ 100 వాట్ల లెక్క సరే. అదే ఊఫర్‌కు 200 వాట్ల యాంప్ ఉంటే? క్లిప్ అయితే 400 అని మీరే అన్నారు కదా.”

ఇది సరైన దెబ్బ. బూస్ట్‌లో 12 డెసిబెల్‌లంటే ఆ మంద్ర స్థాయి దగ్గర దాదాపు 16 రెట్లు శక్తి అడగడం. సాధారణ వాల్యూమ్‌లో ఒక పాట సగటున యాంప్ శక్తిలో పదో వంతు వాడుకుంటుందనుకుంటే, ఆ ఒక్క మీటతో అది పరిమితిని దాటేస్తుంది. అప్పుడు శిఖరాలు తెగినా నడుమ భాగం ఉబ్బుతూనే ఉంటుంది, సగటు వేడి పెరుగుతూనే ఉంటుంది. కనుక అధ్యాపకుడి సూత్రానికి ఒక హద్దు గీయక తప్పదు: యాంప్ శక్తి ఊఫర్ శక్తిలో సగానికి లోపలున్నంత వరకే చుట్టకు నిర్భయం, సగానికీ పూర్తికీ మధ్యనున్న యాంప్, క్లిప్పింగ్‌కు అలవాటు పడ్డ చేతిలో, చుట్టను నిజంగానే కాల్చగలదు. విచిత్రమేమంటే, యజమాని ఫిట్టర్ చెప్పిన 2 ఓమ్‌ల చుట్టల ఊఫర్‌ను తెచ్చి 4 ఓమ్‌లకు కట్టి ఉంటే అతని పాత యాంప్ 200 వాట్లతో ఆ ప్రమాద మండలంలోకే వచ్చేది. పొరపాటున కొన్న 4 ఓమ్‌ల చుట్టలు శబ్దం తగ్గించి ఊఫర్‌ను కాపాడతాయి.

అయితే దీని నుంచి ఫిట్టర్ తీసే ముగింపు, అంటే యాంప్‌ను ఊఫర్ కంటే ఒకటిన్నర రెట్లు పెద్దది పెట్టాలన్నది, రుజువు కాలేదు. తిప్పే చేయి మారనంత వరకు పెద్ద యాంప్ క్లిప్ కాకుండానే చుట్టను కాల్చగలదు. 500 వాట్ల నునుపైన తరంగం కూడా 300 వాట్ల చుట్టకు 200 వాట్ల అదనపు వేడే. పైగా పెద్ద యాంప్ క్లిప్ కాదన్న ధీమా చిన్న కారులో నిలవదు. కారణం బ్యాటరీ దగ్గర ఉంది.

అమరరాజా సంస్థ అమరాన్ పేరుతో అమ్మే బ్యాటరీలైనా, మరో కంపెనీవైనా, చిన్న పెట్రోలు కార్లకు 35 ఆంపియర్-అవర్ రకమే మామూలు. ఇంజను తిరుగుతున్నప్పుడు విద్యుత్తు ఇచ్చేది ఆల్టర్నేటర్ అనే జనరేటర్. బ్యాటరీ ఇంజను స్టార్ట్ చేయడానికీ, ఆల్టర్నేటర్‌కు మించిన అవసరాన్ని కాసేపు తీర్చడానికీ ఉన్నది. ఆల్టర్నేటర్ నెల జీతమైతే బ్యాటరీ దాచుకున్న సొమ్ము. జీతానికి మించి ఖర్చు పెట్టే ఇల్లు దాచుకున్నదాని మీద ఎన్నాళ్లు నడుస్తుందో ఈ కారూ అంతే. డి క్లాస్ యాంప్, అంటే సంకేతాన్ని అతివేగపు ఆన్-ఆఫ్ పల్స్‌లుగా మార్చి నష్టం తగ్గించే రకం, నూటికి 80 పాళ్ల సామర్థ్యంతో 300 వాట్లివ్వాలంటే 13.8 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు తోడుతుంది. పాత ఏబీ క్లాస్ యాంప్ అదే పనికి 40 దాకా అడుగుతుంది. 1000 వాట్ల డి క్లాస్‌కు 90 కావాలి. పాట నిరంతర తరంగం కాదు కనుక సగటు దీనిలో మూడో వంతో అంతకంటే తక్కువో ఉంటుంది. అయినా అమీర్‌పేట కూడలిలో సిగ్నల్ పడి, ఇంజను ఐడిల్‌లో నెమ్మదిగా తిరుగుతూ, ఏసీ, ఫ్యాను, హెడ్‌లైట్లు వాడుకుంటున్న వేళ ఆ మూడో వంతు కూడా మిగలదు.

అప్పుడు వోల్టేజీ పడిపోతుంది. లోపల నియంత్రిత సరఫరా లేని యాంప్‌ల శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది, 14.4 నుంచి 12కు దిగితే మిగిలేది నూటికి 70 పాళ్లు, అంటే 500 వాట్లది 350 వాట్లదవుతుంది. పరిమితి తగ్గింది, స్టీరియో అడిగేది తగ్గలేదు. క్లిప్పింగ్ మళ్లీ మొదలు. క్లిప్పింగ్‌కు మందుగా పెట్టిన పెద్ద యాంప్ ఈ కారులో క్లిప్పింగ్‌నే తెచ్చిపెడుతుంది.

అధ్యాపకుడు: “డిక్కీ దాకా లాగిన వైరు కూడా చూడండి అన్నా. ఐదు మీటర్ల 8 గేజ్ రాగి తీగలో 40 ఆంపియర్లు పోతే 0.4 వోల్టు అక్కడే పోతుంది.”

ఫిట్టర్: “రాగి అయితే కదా సార్. కిట్‌లో వచ్చేది పైన రాగి పూత, లోపల అల్యూమినియం. గోటితో గీకితే తెల్లగా కనిపిస్తుంది.”

అల్యూమినియం వాహకత్వం రాగిలో నూటికి 61 పాళ్లే కనుక ఆ కిట్ వైరులో నష్టం ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. 4 గేజ్ రాగి వాడితే అది 0.16 వోల్టుకు దిగుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి అర మీటరు దాటకుండా ఫ్యూజు ఉండాలన్నదానిపైనా, మైనస్ వైరును రంగు గీకిన లోహానికి బిగించాలన్నదానిపైనా వారిద్దరి మధ్య తేడా లేదు. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే తెగేది పాట కాదు, అంటుకునేది కారు. దీపాలు మినుకుమంటే ఒక పెద్ద కెపాసిటర్ కొని తగిలించే అలవాటు మీద అధ్యాపకుడు ఒక మాట అనబోయి మానుకున్నాడు. అది క్షణంలో వెయ్యో వంతుల లోటును పూరిస్తుందే తప్ప ఆంపియర్లను పుట్టించదన్న సంగతి ఫిట్టర్‌కు తెలియనిది కాదు, అమ్మకానికి అడ్డు వచ్చేది.

అయితే మోనో బ్లాక్ వద్దా? ఇక్కడ ఇద్దరూ ఊహించని చోట కలిశారు. 2 ఓమ్‌లకు కట్టిన ఊఫర్‌కు 500 వాట్ల మోనో బ్లాక్ పెట్టి, దానిని 300 దగ్గర కట్టేయవచ్చు. కట్టే తాడు గెయిన్ మీట. గెయిన్ వాల్యూమ్ కాదు. స్టీరియో ఎంత వోల్టేజీ పంపినప్పుడు యాంప్ తన పూర్తి శక్తిని చేరుకోవాలో నిర్ణయించే మీట. శక్తిని నిరోధంతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టేజీ తెలుస్తుంది: 300ను 2తో గుణిస్తే 600, దాని వర్గమూలం 24.5. అదే 4 ఓమ్‌ల భారమైతే 34.6 వోల్టులు.

పని జరిగే తీరు ఇది. ఊఫర్ వైర్లను యాంప్ నుంచి విప్పేస్తారు; బేస్ బూస్ట్ సున్నాకు, గెయిన్ పూర్తిగా కిందికి దించుతారు; స్టీరియోలోని బేస్, ట్రెబుల్ సర్దుబాట్లు మధ్యకు తెస్తారు; పెన్‌డ్రైవ్ నుంచి 50 హెర్ట్జ్‌ల పరీక్ష స్వరాన్ని, పూర్తి స్థాయిలో రికార్డు చేసినదాన్ని, నడుపుతారు; మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల దగ్గర పెట్టి రెండు మొనలనూ యాంప్ ఊఫర్ టెర్మినళ్లకు ఆనిస్తారు. స్టీరియో వాల్యూమ్ ఎంత ఉండాలన్న దగ్గర అధ్యాపకుడి పుస్తకం ఆగిపోయింది, ఫిట్టర్ చేయి సాగింది. కంపెనీ స్టీరియోలకు ఆర్‌సీఏ అనే బలహీన సంకేతపు సాకెట్లు తరచు ఉండవు. స్పీకర్ వైర్ల నుంచే సంకేతం తీసుకోవాలి. ఆ స్టీరియో లోపలి చిన్న యాంపే పై వాల్యూముల్లో క్లిప్ అవుతుంది, కొన్ని కంపెనీలు వాల్యూమ్ పెరిగే కొద్దీ మంద్ర స్థాయిని కావాలని కోసేస్తాయి కూడా. అందుకే ఫిట్టర్ ముందుగా ఊఫర్ లేకుండా తలుపు స్పీకర్లలో పాటను వింటూ, గొంతు చీలడం మొదలైన వాల్యూమ్ నుంచి రెండు మూడు గీతలు వెనక్కి వచ్చి, ఆ అంకెనే పరీక్ష వాల్యూమ్‌గా తీసుకున్నాడు. మూల సంకేతమే క్లిప్ అయి వస్తుంటే యాంప్ గెయిన్ ఎక్కడున్నా ఫలితం క్లిప్పింగే అన్న శాస్త్ర సత్యానికి ఇంతకంటే మంచి ప్రయోగం మైత్రీవనం తరగతి గదిలో దొరకదు. గెయిన్ మీట స్క్రూడ్రైవర్ మొనతో కదిలినప్పుడు మీటరు 11, 16, 21 అని ఎక్కుతుంది. 24 దాటగానే చేయి ఆగాలి. తర్వాత మీట పక్కన తెల్ల పెయింట్‌తో చుక్క పెడితే, యజమాని మీట తిప్పాడో లేదో వారంటీకి వచ్చిన రోజు తెలిసిపోతుంది.

దీనికి ఫిట్టర్ ఒక అభ్యంతరం చెప్పాడు: ఇంపీడెన్స్ ఎగబాకుతుంది కనుక 24.5 వోల్టులకు ఊఫర్ నిజంగా 300 వాట్లు తీసుకోదు, సగమే తీసుకోవచ్చు. అభ్యంతరం సరైనదే. పైగా చుట్ట వేడెక్కే కొద్దీ రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరిగి శక్తి ఇంకా తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ వేడి మొదలయ్యేదే ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి. కాని తగ్గే శక్తిని వెంటాడుతూ గెయిన్ పెంచడమంటే వేడెక్కినదాన్ని ఇంకా వేడెక్కించడమే. లోటు నిజమైనా దాని మందు గెయిన్‌లో లేదు.

ఆ లోటు చెవికి ఎంత? 300 నుంచి 500 వాట్లకు పెరిగితే 2.2 డెసిబెల్‌లు, పూర్తిగా రెట్టింపైతే 3. శబ్దం రెట్టింపైనట్టు మనిషికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పది రెట్లు శక్తి కావాలి. అదే ఊఫర్‌కు తగిన కొలతల చెక్క పెట్టె కట్టిస్తే వచ్చే తేడా వాట్లతో వచ్చేదాని కంటే ఎక్కువ. ఆస్ట్రేలియాలో 1961లో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ స్పీకర్‌కూ పెట్టె ఘనపరిమాణానికీ మధ్య సంబంధాన్ని సమీకరణాలుగా ఇచ్చారు. వారి పేర్లతోనే పిలిచే, ఆ సమీకరణాల్లో వాడే అంకెలు మంచి ఊఫర్ కాగితం వెనక వైపు అచ్చవుతాయి, వాటిని చదివి పెట్టె కోసే వడ్రంగి దొరకడమే కష్టం. గాలి రంధ్రమున్న పెట్టె అయితే దాని శ్రుతి స్థాయికి దిగువన చేటను ఆపే గాలి ఒత్తిడి ఉండదు. సబ్‌సోనిక్ ఫిల్టర్ అనే మీటతో ఆ దిగువ స్వరాలను కోయకపోతే 300 వాట్లలోపే చేట తన హద్దు దాటి చిరుగుతుంది. కోఠి గుజరాతీ గల్లీ సామాన్లతో రీకోన్ చేయించుకోవచ్చు, అంటే కొత్త చేట వేయించుకోవచ్చు గాని, అలా చిరిగినదాన్ని కాలినదని లెక్క రాయడం వల్లనే చిన్న యాంప్‌కు ఇంత చెడ్డపేరు వచ్చిందేమో.

ఎంత శబ్దం కావాలన్న ప్రశ్నకు బల్కంపేటలో పరిమితి విద్యుత్తుది మాత్రమే కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్‌ల హద్దు విధించాయి. వాణిజ్య ప్రాంతానికి అవి 65, 55. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. ఆ నియమాల కొలత చెవి స్పందనను అనుసరించే ఏ-తూకంలో ఉంటుంది, అది మంద్ర ధ్వనులను బాగా తగ్గించి లెక్కిస్తుంది. కనుక మీటరు ఒప్పుకున్న బేస్‌కు కూడా పక్కింటి కిటికీ గ్రిల్లు మోగుతుంది. దుకాణం ముందు డిక్కీ తెరిచి గిరాకీకి వినిపించే అలవాటు మీద ఫిట్టర్ ఏ వాదమూ చేయలేదు.

తీర్పు చెప్పవలసి వస్తే, చుట్ట ఎందుకు కాలుతుందన్న విషయంలో అధ్యాపకుడిదీ, ఎవరి చేతిలో కాలుతుందన్న విషయంలో ఫిట్టర్‌దీ పైచేయి. యాంప్ పెద్దదై తీరాలన్న నియమం మాత్రం నిలవదు. ఈ కారుకు 2 ఓమ్‌లకు కట్టిన ఊఫర్, 24.5 వోల్టుల దగ్గర ఆపిన మోనో బ్లాక్, 4 గేజ్ రాగి వైరు చాలు. డబ్బు మిగుల్చుకోదలిస్తే పాత ఫోర్ ఛానల్‌ను 8 ఓమ్‌లకు బ్రిడ్జ్ చేసుకున్నా ఊఫర్‌కు ప్రమాదం లేదు, బేస్ మాత్రం దాదాపు 5 డెసిబెల్‌లు తక్కువ. ఏది ఎంచుకున్నా, కొనేవారు బిల్లు మీద బ్రాండు పేరు, ధరతో పాటు మూడు అంకెలు రాయించుకోవాలి: ఊఫర్‌ను ఎన్ని ఓమ్‌లకు కట్టారు, ఆ ఓమ్‌ల దగ్గర యాంప్ ఆర్‌ఎంఎస్ ఎన్ని వాట్లు, గెయిన్‌ను ఎన్ని వోల్టుల దగ్గర ఆపారు. ఈ మూడూ రాయడానికి వెనుకాడే దుకాణంలో ఊఫర్ కొనవద్దు.